మా సావిడిని పడగొట్టింది తుఫాను కాదు

మొన్న కనుమ నాడు అమ్మమ్మగారింట్లో ఒక బొమ్మ దగ్గర గొడవైంది. హాల్లో గోడకి ఉండే నీటిరంగుల బొమ్మ అది. 1984లో ఊళ్ళో హైస్కూలు డ్రాయింగు మాస్టారు వేసి మా తాతయ్యకిచ్చారు. బొమ్మలో ఉన్నది మా పశువుల సావిడి. ఎడమ పక్క తాటాకు కప్పు, దాని కింద మేత వేసే గాడి దగ్గర రెండెడ్లు, ఒక గేదె. కుడి పక్క బంగళా పెంకు వేసిన ధాన్యం కొట్టు. ముందు వాకిట్లో ధాన్యం పురి, దానికి ఆనించిన నిచ్చెన. వెనక గడ్డిమేటు, ఆ వెనక కొబ్బరిచెట్లు, ఏటిగట్టు. ఇప్పుడు ఆ చోట సిమెంటు చప్టా ఉంది. దాని మీద చిన్న మావయ్య కారు ఉంటుంది.

ఇంత పెద్ద సావిడి ఎలా పోయిందని మా మరదలు అడిగింది. అంతే, తలొక మాట.

"తొంభై ఆరు తుఫానుకి పోయిందమ్మా," అన్నాడు పెద్ద మావయ్య. "తుఫానుకి కప్పు పోయింది. సావిడి పోయింది మీరు ట్రాక్టరు కొన్నాక," అంది అత్తయ్య. పిన్ని లెక్కలో అది అన్నదమ్ముల పంపకాల్లో పోయింది. "తాటాకు నేసేవాడు దొరక్కపోతే ఏం చేస్తామండీ బాబూ," అని చిన్న మావయ్య విసుక్కున్నాడు. అమ్మమ్మ మాత్రం మంచం మీంచే "గడ్డి పోయిందిరా, ఇంకెందుకు సావిడి?" అని అటు తిరిగి పడుకుంది.

అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు కానీ, తర్వాత ఆ అయిదు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు ముడి అమ్మమ్మ మాటలోనే ఉందనిపించింది. గోదావరి డెల్టాలో ఊరూరా ఇలాంటి సావిళ్ళు ముప్పై నలభై ఏళ్ళలో మాయమయ్యాయి. అన్ని ఊళ్ళకీ ఒకే తుఫాను రాలేదు, అన్ని ఇళ్ళలో ఒకేసారి పంపకాలూ జరగలేదు.

ముందు సావిడి అంటే ఏమిటో చెప్పాలి. ఊరి పెద్దలు కూర్చునే చావిడి వేరు. మా వైపు పశువుల్ని కట్టే పెద్ద పాక సావిడి. అదే పొలంలో ఉంటే మకాం అంటాం. మిగతా చోట్ల కొట్టం అంటారు. మా సావిడికి నిట్రాటలు (కప్పుని మోసే నిలువు స్తంభాలు), దూలాలు తాటివి. బాగా ముదిరిన తాటిచెట్టుకి పైచేవ నల్లగా, గట్టిగా ఉంటుంది. లోపలి మెత్తదనం తీసేస్తే మిగిలింది రెండు తరాలు నిలుస్తుంది. కప్పు తాటాకు, రెండు మూడేళ్ళకోసారి నేయించాలి. నేల మట్టిది, పశువుల మూత్రం జారిపోయేలా వెనక్కి వాలు. పొడవునా గాడి, గాడి పక్కన కట్టుకొయ్యలు, మూల కుడితి తొట్టి. అటక మీద నాగలి, కాడి, దంతె, మోకులు. చూరుకి వరికుచ్చు. కొత్త పంట కంకులతో అల్లి పిచ్చుకల కోసం వేలాడదీసేవారు. ఇప్పుడా కుచ్చుల్ని ఇంటి అలంకరణకని సిటీల్లో అమ్ముతున్నారు. అలా అమ్మేవాళ్ళలో చాలామంది పిచ్చుకని చూసి ఎన్నాళ్ళయిందో.

ఇదంతా చూస్తే పశువులకి నీడ కోసం కట్టుకున్నదే అనిపిస్తుంది. కానీ అది చేసే పని వేరు. పొలం నుంచి వరి పనలు కళ్ళానికొస్తాయి, కుప్ప నూరుస్తారు. గింజ పురిలోకి, గడ్డి మేటుకి. గడ్డి పశువు తింటుంది, పేడ గత్తం, అంటే పశువుల ఎరువు, అవుతుంది, వేసవిలో అది బండ్లకెక్కి మళ్ళీ పొలానికి పోతుంది. తొలకరి పడగానే అదే ఎడ్లు దమ్ము చేస్తాయి, అంటే నాట్లకి పొలాన్ని నీళ్ళలో దున్ని బురద చేస్తాయి. పేడలో కొంత పిడకలై పొయ్యిలోకి, పొయ్యిలో బూడిద కూరపాదులకి. ఈ దారులన్నీ కలిసే చోట సావిడి ఉండేది. ఏ ఒక్క దారి మూసుకుపోయినా మిగతావాటికి అక్కడ పని తగ్గుతుంది.

పురి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా మరదలు బొమ్మలో దాన్ని చూసి గుడిసె అనుకుంది. ఎత్తుగా దిమ్మ వేసి, దాని మీద గడ్డి పరిచి, వరిగడ్డితో పేనిన లావుపాటి మోకుని గుండ్రంగా చుట్టుకుంటూ, ఆ చుట్టు లోపల ధాన్యం పోసుకుంటూ పైకి లేపుతారు. చుట్టు పెరుగుతుంది, ధాన్యం పెరుగుతుంది. ఒకటి లేకపోతే రెండోది నిలబడదు. పైన గోపురంలా గడ్డి కప్పు. గోడా, తలుపూ, మేకూ ఉండవు. గడ్డి గాలి ఆడనిస్తుంది కాబట్టి ధాన్యం వేడెక్కదు. చేయి తిరిగిన మనిషి కట్టిన పురి వానాకాలమంతా నిలబడేది. దీనికి కావలసినవి రెండే: పొడుగు గడ్డి, బాగా ఎండిన గింజ. ఈ రెండూ గుర్తుంచుకోండి, కథంతా వీటి మీదే నడుస్తుంది.

ఇంకో మాట. సావిడి తలుచుకోగానే మనవాళ్ళు తాతముత్తాతల నాటిది, అనాదిది అంటారు. అంత లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందు ఈ నేల ఒక ఏడు వరదకి మునిగేది, ఒక ఏడు కరువుకి ఎండేది. కాలవలు వచ్చాకే ఇక్కడ తిని, అమ్మి, ఇంకా మిగుల్చుకునేంత వరి పండింది. ఆ కాలవల మీదే ధాన్యం పడవలు నడిచాయి. అంత పెద్ద కొట్లూ, వరసగా పురులూ, పది పశువులు పట్టే సావిళ్ళూ ఆ మిగులుతో లేచినవే. ఒక నీటి పథకంతో వచ్చిన ఏర్పాటు ఇంకో రకం పథకాలతో పోవడంలో వింతేమీ లేదు. మనకి వింతగా ఉండేది అది మన కళ్ళ ముందే పోవడం.

ఇప్పుడు పెద్ద మావయ్య వాదన. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా కోనసీమ మీద తీరం దాటింది. దీపావళికి నాలుగు రోజుల ముందు. వెయ్యిమందికి పైగా పోయారు, లక్షల కొబ్బరిచెట్లు మొదలంటా పడ్డాయి. మా సావిడి తాటాకు కప్పు ఆ రాత్రే లేచిపోయింది. అది నిజం. అయితే తాతయ్య హయాంలో 1953 వరద వచ్చింది, 1986 ఆగస్టులో ఇంకా పెద్దది వచ్చింది. ఆ ఏడు భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు. గట్లకి గండ్లు పడ్డాయి. మా సావిడిలో నడుంలోతు నీళ్ళు నిలిచాయి. తాతయ్య రెండుసార్లూ దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. తాటాకు కప్పు పోవడం ప్రమాదం కాదు, అలవాటు. ఎలాగూ మూడేళ్ళకోసారి విప్పి నేసేదే. కాబట్టి అడగాల్సింది 1996లో ఎందుకు పడిందని కాదు, 1997లో ఎందుకు నేయించలేదని.

జవాబు ముప్పై ఏళ్ళ ముందు మొదలవుతుంది.

పాత వరి రకాలు, అక్కుళ్ళు లాంటివి, మనిషి ఛాతీ దాకా పెరిగేవి. గింజ తక్కువ, గడ్డి ఎక్కువ. ఎరువు కాస్త ఎక్కువ వేస్తే ఇంకా పెరిగి, బరువాగలేక పడిపోయేవి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన కేంద్రం ఐఆర్-8ని విడుదల చేసింది. పొట్టిది, గట్టి కాడ, ఎంత యూరియా వేసినా నిలబడుతుంది. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించారు. ఆయనకి 'మిస్టర్ ఐఆర్-8' అని పేరే వచ్చింది. తర్వాత పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది. మా వైపు దాన్ని 'డెబ్భై ఇరవైతొమ్మిది' అనేవాళ్ళే ఎక్కువ, ఎంటీయూ 7029 కనుక. డెల్టాలోనే కాదు, తూర్పు భారతమంతా అది పాకింది.

ఈ పొట్టి రకాల కిటుకు ఇది: మొక్క తయారుచేసుకున్న బరువులో గింజ వాటా పెరిగింది, కాడ వాటా తగ్గింది. పాత రకాల్లో సుమారు మూడో వంతు గింజ అయితే, కొత్తవాటిలో దాదాపు సగం. ఆకలి తీర్చింది ఈ మార్పే. దాన్ని తప్పుపట్టే హక్కు మూడు పూటలా తిని పెరిగిన నాకు లేదు. కానీ సావిడి వైపు నుంచి చూస్తే గడ్డి పొట్టిదైంది, బిరుసెక్కింది. మోకు పేనితే అతుకులు ఎక్కువ, పురి బిగువు తక్కువ. యూరియా వచ్చాక గత్తం మీద ఆధారం సడలింది. ఎకరానికి గడ్డి మొత్తం ఘోరంగా పడిపోయిందని కాదు, రెండు పంటలు కలిపితే బాగానే ఉంటుంది. మారింది దాని పొడవూ, దాని పనీ.

రెండో పంట అన్నాను కదా, దాళ్వా. అది కూడా ఈ చిక్కులో ఒక పోగే. సార్వా, అంటే వానాకాలం పంట, కోతల వేళ పొలంలో మినుమో పెసరో చల్లి, పశుగ్రాసానికి పిల్లిపెసర, జనుము వేసేవారు. పంట తీశాక పశువుల్ని తోలేవారు. దాళ్వా వేస్తే పొలం ఏప్రిల్ దాకా నీళ్ళలోనే ఉంటుంది. పశువు తిరగడానికి చోటు లేదు, పచ్చిమేతా లేదు. అప్పటిదాకా కొన్ని నెలలు పొలం మీద బతికిన పశువుకి ఇప్పుడు ఏడాది పొడుగునా ఇంట్లోనే పెట్టాలి. సరిగ్గా ఆ సమయంలోనే దమ్ముకి ట్రాక్టరు వచ్చింది. ఎద్దుని ఏడాదంతా మేపి నెల రోజులు వాడుకోవడం కంటే గంటకింతని అద్దె ట్రాక్టరు చవక. అత్తయ్య మాట ఇక్కడ సగం నిజం. కాకపోతే మావయ్య కొనకపోయినా పక్కింటాయన దగ్గర అద్దెకి దొరికేది. ఎడ్లు పోయాయి, గేదెలు మిగిలాయి. రెండు గేదెలకి సావిడంత కప్పు అక్కర్లేదు, నాలుగు రేకులు చాలు.

ఇక గింజ వైపు. ధాన్యం ఇంట్లో ఎందుకు దాచేవారు? పుష్యమాసంలో అందరిదీ ఒకేసారి కళ్ళానికి వస్తే ధర పడిపోతుంది, ఆషాఢం దాకా ఆగితే లేస్తుంది. ఇది వ్యాపారం. తిండిగింజలు, విత్తనాలు, పాలేళ్ళ జీతం, చాకలికీ మంగలికీ కమ్మరికీ వడ్రంగికీ ఏటేటా కొలిచే మేర, ఇవన్నీ ధాన్యంలోనే. 1965లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) వచ్చి, మిల్లర్ల నుంచి ప్రభుత్వం బియ్యం తీసుకోవడం మొదలయ్యాక, మద్దతు ధర అనేది ఒకటి నిలబడ్డాక, ఆషాఢం దాకా ఆగడంలో లాభం పలచబడింది. కూలి డబ్బుల్లోకి మారింది. తినే బియ్యం కూడా మిల్లు నుంచే రావడం మొదలైంది. మా ఇంట్లో ఆఖరి పురి ఏ ఏడు వేశారో ఎవరికీ గుర్తు లేదు. వేయడం మానేసిన రోజు ఎవరూ ముహూర్తం పెట్టి మానెయ్యరు కదా.

అన్నిటికంటే గట్టి దెబ్బ కోత మిషనుది. పాత పద్ధతిలో వరి కోసి, పనలు పొలంలోనే ఆరనిచ్చి, కుప్ప వేసి, వారాల తర్వాత నూర్చేవారు. గింజ కుప్పలోనే నెమ్మదిగా ఎండేది. మిషను అలా ఆగదు. పొద్దున నిలబడి ఉన్న చేను మధ్యాహ్నానికి ట్రక్కులో ధాన్యం. ఆ గింజ పచ్చిది. కొనుగోలు కేంద్రం 17 శాతం తేమ దాటితే తీసుకోనంటుంది. పురిలో పోస్తే వేడెక్కి రంగు మారి ముక్కిపోతుంది. అందుకే కోతల్లో డెల్టా రోడ్లన్నీ ధాన్యంతో పసుపు పచ్చగా కనిపిస్తాయి. తారురోడ్డే ఇప్పుడు కళ్ళం. బైకుల మీద వెళ్ళేవాళ్ళు తిట్టుకుంటారు గానీ, ఆ రైతుకి ఇంటి దగ్గర కళ్ళం ఏది? ఇటు గడ్డిని మిషను నలగ్గొట్టి వరసగా పారేస్తుంది. దాన్ని పన కట్టలేరు, మోకు పేనలేరు, మేటు వేస్తే నిలవదు. కొందరు చుట్టలుగా చుట్టించి డెయిరీలకి అమ్ముతున్నారు, కొందరు పొలంలోనే తగలబెడుతున్నారు.

పొడుగు గడ్డి, ఎండిన గింజ. రెండూ పోయాయి. అమ్మమ్మ చెప్పింది అదే, నాలుగు మాటల్లో.

పంపకాలూ, నేసేవాళ్ళు దొరక్కపోవడమూ ఆ తర్వాతి సంగతులు. మా ఇంట్లో పంపకాలు 1999లో. సావిడి చోటు ఇద్దరికీ సగం సగం వచ్చింది, నిట్రాటల మధ్యనుంచి గీత పోయింది. పొలం కౌలుకిచ్చారు. డెల్టాలో సాగు చాలా చోట్ల కౌలురైతుల చేతిలోనే ఉంది. ఏడాదికో రెండేళ్ళకో మారే కౌలుకి సావిడి ఎవరు కడతారు? ఆసామి కట్టడు, తనకి పశువుల్లేవు. కౌలురైతు కట్టడు, తనకి చోటు లేదు. భీమవరం వైపైతే పొలాలే చెరువులయ్యాయి. రొయ్యకి గడ్డి అక్కర్లేదు.

పాక నేసే ముసలాయన ఇంకా మా ఊళ్ళోనే ఉన్నాడు. అడిగితే నవ్వాడు. "నేసేవాళ్ళు దొరకలేదని మీ మావయ్యగారంటారా? ఆయ్, నేను అప్పుడూ ఇక్కడే ఉన్నానండి. పిలవలేదండి." తాటాకు కొట్టేవాళ్ళు తగ్గారనీ, కొడుకుని ఈ పనిలోకి రానివ్వలేదనీ, వాడు కువైట్‌లో ఉన్నాడనీ చెప్పాడు. సావిడి పోయినందుకు బాధగా ఉందా అని నేనడగడం కొంచెం తెలివితక్కువతనమే. "మంచికేనండి, వర్షంలో దాని మీదెక్కి ఎన్నిసార్లు జారానో," అన్నాడు.

అక్కడికి వచ్చాక బొమ్మని మళ్ళీ చూశాను. గోదావరి ఒడ్డున బొమ్మలకి కొదవ లేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే చలవతో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు లాంటివాళ్ళు చిత్రకళలోకి వచ్చారు. రామారావు 1925లో మశూచితో పోయేనాటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిటే ఉన్న గ్యాలరీలో చూడొచ్చు. నర్సాపురంలో పుట్టిన బాపు గీతలో గోదావరి ఇంటింటికీ వెళ్ళింది. అయితే నేను చూసినంతలో మన బొమ్మల్లో ఏరు ఉంటుంది, పడవ ఉంటుంది, పూలజడ ఉంటుంది, సావిడి మాత్రం వెనకెక్కడో నాలుగు గీతల్లో ఉంటుంది. మా డ్రాయింగు మాస్టారు గొప్ప చిత్రకారుడేమీ కాదు, గేదె కాళ్ళు చూస్తే తెలిసిపోతుంది. కానీ సావిడిని ముందుకు తెచ్చి, ఉన్నది ఉన్నట్టు వేశాడు. అందుకే ఆ బొమ్మ సాక్ష్యానికి పనికొస్తుంది.

ఉదాహరణకి, సావిడి మొత్తం తాటాకేనని పెద్ద మావయ్య ఒట్టేసి చెబుతాడు. బొమ్మలో కొట్టు మీద పెంకులు స్పష్టంగా ఉన్నాయి. అంటే ఖర్చు పెట్టాల్సి వస్తే తాతయ్య ముందు గింజకి పెట్టాడు, తర్వాతే పశువుకి. ఎడమ చివర, పడమటి జల్లు కొట్టకుండా, తెల్లటి గోనె ఒకటి వేలాడుతోంది. దగ్గరగా చూస్తే అది యూరియా బస్తా. మాస్టారికి అది తెల్లరంగు కోసం దొరికిన చోటు మాత్రమే అయ్యుంటుంది. గత్తం పనికి ఎసరు పెట్టిన యూరియా 1984కే వచ్చి సావిడి చూరుకి వేలాడుతోంది. గడ్డిమేటు పురికంటే పెద్ద ఎత్తేమీ లేదు. స్వర్ణ గడ్డి.

బొమ్మ చెప్పనివీ ఉన్నాయి. ఆ సావిడిలోనే రాత్రిళ్ళు పడుకున్న పాలేరుకి మా ఇంట్లో వేరే కంచం, వేరే గ్లాసు చూరులో దోపి ఉండేవి. నీటిరంగుల్లో అవి రావు. పశువుల ఊపిరి వెచ్చదనం, జోరీగలు, వానాకాలం కంపు రావు. సావిడి అందమైంది అని మా తరం అంటే అది ఎక్కువగా బొమ్మ చూసి అంటున్న మాటే.

గోడ మీంచి దింపినప్పుడు అద్దానికి లోపల చెమ్మ పట్టి కాగితం ఒక మూల అతుక్కుపోయి ఉంది. డెల్టాలో కాగితానికి మొదటి శత్రువు గాలిలో తేమే. రాజమండ్రిలో ఫ్రేములు కట్టే ఆయన చెప్పినట్టు అద్దానికీ బొమ్మకీ మధ్య మందపాటి అట్ట పెట్టించాం. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మార్చి, వెలుగు తగలని గోడకి పెట్టాం. ఆ పని ముందే చేయాల్సింది. మట్టి నుంచి తీసిన రంగులు, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెనా లాంటివి, ఎండకి వెలవవు. అందుకే గడ్డిమేటు, మట్టినేల, పెంకులు నిన్న వేసినట్టున్నాయి. బడి రంగుల పెట్టెల్లో వచ్చే క్రిమ్సన్ లేక్ అలా కాదు, వెలుగుకి త్వరగా వెలిసిపోతుంది.

గాడికీ పురికీ మధ్య ఖాళీగా కనిపించే చోట, బొమ్మని వాలుగా వెలుతురులో పట్టుకుంటే, లేత గులాబీ మరక ఒకటి కనిపిస్తుంది. ఒక మనిషి ఆకారం, నడుం మీద చెయ్యి, తల మీద పేడ తట్ట. మాస్టారు ఆమెకి ఎర్రకోక వేశారు. ఇన్నేళ్ళుగా ఆ గోడ పక్కనుంచే తిరుగుతున్న మాలో ఎవరూ ఆమె ఉందని చూడలేదు.

అమ్మని అడిగితే కాసేపు ఆలోచించి పేరు చెప్పింది. పొద్దున్నే వచ్చి సావిడి ఊడ్చి, పేడ ఎత్తి, పిడకలు కొట్టి, ఎండెక్కకముందే వెళ్ళిపోయేదట. జీతం ఏడాదికి ధాన్యం. అది ఎంతో అమ్మకి గుర్తు లేదు. ఫ్రేము మళ్ళీ బిగించేముందు ఆ పేరు బొమ్మ వెనక పెన్సిలుతో రాశాను. పెన్సిలు వెలవదని ఫ్రేములాయన చెప్పాడు.